గడప ముందు జంటరాణులు

అమెరికా దేశమున లాస్‌వేగాస్ నగరములో ఏటేట వేసవియందు జరుగు ప్రపంచ పోకర్ పోటీలలోని ప్రధానస్పర్ధ, వేలకొలది వ్రేళ్లు పందెపుబిళ్లలగు చిప్పులను దొర్లించు చిటపటధ్వనితో రెండు మూడు దినములు మార్మ్రోగి, ఒకానొక ఘట్టమునకు చేరునప్పటికి చప్పున మౌనము దాల్చును. 2023వ సంవత్సరమున ఆ స్పర్ధకు 10,043 మంది, ఒక్కొక్కరు 10,000 డాలర్ల రుసుము చెల్లించి, కూర్చుండిరి. బహుమానములు 1,507 మందికి. వానిలో మొదటిది ఒక కోటి ఇరువదియొక్క లక్షల డాలర్లు, కడపటిది 15,000 డాలర్లు. కావున ఇంకను 1,508 మంది మిగిలియున్న క్షణమున అచ్చటి ప్రతివాని మనస్సునందును నిలుచునది, నగదు ముట్టకుండ లేచిపోవలసిన ఆ ఒక్కడు ఎవడన్న ప్రశ్న యొక్కటియే. పోకరువారు బుడగ అని పిలుచు ఈ ఘట్టమున మనుష్యుని బుద్ధియు భయమును ఒకదానినొకటి తూచుకొను తీరు, పేకను ఎన్నడును ముట్టనివారికి సైతము చూడదగినదని నా అభిప్రాయము.

ఆ సమయమున ఆట నడపు పద్ధతియే మారిపోవును. అంతవరకు ఏ బల్లకు ఆ బల్ల తన వేగమున ముక్కలు పంచుకొనుచుండగా, ఇప్పుడు హాలంతయు ఏకకాలమున ఒక్క చేయి, అనగా ఒక్క పంపకము, మాత్రమే ఆడి, ముగించినవారు తక్కినవారి కొఱకు వేచియుండవలయును. ఏలయనగా, ఇట్లు నియమింపకున్నచో, చిప్పులు తక్కువగా నున్నవాడు తన వంతు వచ్చినపుడెల్ల గడ్డము నిమురుకొనుచు, పైకప్పును చూచుచు, ముక్కల అంచులను పదేపదే ఎత్తి దించుచు కాలహరణము చేసి, వేరొక బల్లపై ఎవడో పోవువరకు తాను బ్రదుకజూచును. ఒక బల్లపై ఎవడైన తనకున్నదంతయు త్రోసి, ఎదుటివాడు ఒప్పుకొన్నచో, పంచువాడు వెంటనే ముక్కలు తిప్పడు, లేచి నిలుచుండును. నిర్వాహకులు వత్తురు, ఛాయాగ్రాహకులు వత్తురు, ప్రక్కబల్లలవారు మెడలు చాతురు. వాని రెండు ముక్కలు బోర్లించియే యుండును. ఆ రెండు మూడు నిమిషములు ఆ మనుష్యుడు కుర్చీ వెనుక నిలిచి దేనిని చూచుచుండునో చెప్పుట కష్టము. చిప్పులను మాత్రము చూడడు.

ఇట్టి వేళ ఒకని చేతికి రెండు రాణులు వచ్చిన వనుకొందము. రెండు ముక్కలతో మొదలగు ఈ ఆటలో ఆసుల జంట, రాజుల జంట తరువాత ఇదియే గొప్ప చేయి. ఏదైన ఒక నిర్ణీతమైన జంట చేతికి వచ్చుట 221 పంపకములకు ఒక్కసారి మాత్రమే జరుగునని గణితము చెప్పుచున్నది. అనగా గంటలకొలది చెత్తముక్కలను పాఱవేసి పాఱవేసి విసిగినవానికి దక్కిన భాగ్యము. అతడు ఆ ముక్కలను చూచి లోలోపల పొంగునంతలో, తనయంత చిప్పులే గల ఎదుటివాడు ఒక్కమాటు తనకున్నదంతయు నడుమకు త్రోసినాడు. ఇప్పు డితడు ఒప్పుకొనవలయునా? ఆ రాణులను మారుమాట లేక మడచి పంచువానివైపు జార్చివేయవలయునా?

లోకము దీనికి ఏనాడో సమాధానము సిద్ధపఱచి యుంచినది. ధైర్యమున్నచోటనే లక్ష్మి యుండునని పెద్దలు చెప్పిరిగదా; రాణుల జంటను పాఱవేయువాడు పిరికివాడు, ఆడినవాడు మగవాడు. ఆట చూచువారిలో నూటికి తొంబదిమంది ఇట్లే తలంతురు. ఆటగాండ్రలో సైతము పలువురు తలంతురు గాని పైకి చెప్పరు. దీనికి ప్రతిగా మఱియొక వర్గమువారు, చేతికందిన కడపటి బహుమానమును విడువరాదు, ముందు జాబితాలో పేరు పడనిమ్ము, తరువాత శౌర్యము చూపుదువుగాక అని బోధింతురు. ఈ యుభయులును ప్రశ్నను తప్పుచోట వెదకుచున్నారని నా వాదము. ధైర్యభీరుత్వముల ప్రసక్తి అటుంచి, రాణుల బలమెంత అని వారు ముక్కల ముఖములను చూచి నిర్ణయింప బూనుచున్నారు. బుడగ దగ్గఱ ముక్కల బలము ముక్కలలో నుండదు. అది ఎదుటివాని చిప్పుల కుప్పలోను, గోడకు అంటించిన బహుమానపట్టికలోను ఉండును.

ఇది వింతగా తోచునేమో కావున కొంచెము విడమరచి చెప్పెదను. నిత్యము క్లబ్బులలో నగదుకు ఆడు ఆటలో వందరూపాయల చిప్పునకు విలువ వందరూపాయలే. లేచిపోవునపుడు కౌంటరులో ఇచ్చి సొమ్ము తీసికొనవచ్చును. పోటీలో అట్లు కాదు. అచ్చట చిప్పు సొమ్ము కాదు, బహుమానములకై పోరాడుటకు అనుజ్ఞాపత్రము వంటిది. ఆ పోటీలోని సమస్తమైన చిప్పులను కడకు ఒక్కడే గెలిచినను, వానికి సమస్తమైన సొమ్మును ఈయరు. ప్రథమ బహుమానము మాత్రమే ఇచ్చి, తక్కినది చిప్పులన్నియు పోగొట్టుకొనిన వారికే వరుసగా పంచిపెట్టుదురు. అందుచేత రెండింతలైన చిప్పుల విలువ రెండింతలు కానేరదు. గెలుచుకొనిన చిప్పు, పోగొట్టుకొనిన చిప్పుకంటె ఎప్పుడును చౌక. ధనవంతునికి ఒక రూపాయ లెక్కలోనిది కాదనియు, దరిద్రునికి అదియే అమూల్యమనియు 1738లోనే డేనియల్ బెర్నూలీ వాదించియుండెను. కాని ఇచ్చటి సంగతి అది కాదు. ఇది మనస్తత్వమునకు సంబంధించినది గాక కేవలము పంపకపు నియమమువలన పుట్టినది. గుండెయందు భయము లేశమైన లేని యంత్రము ఆడినను ఇట్లే యుండును.

చిన్న ఉదాహరణము తీసికొందము. పదిమంది కూడి తలకు వేయిరూపాయలు వేసికొని పోటీ పెట్టుకొనిరి. మొదటివానికి ఐదువేలు, రెండవవానికి మూడువేలు, మూడవవానికి రెండువేలు. ఆరుగురు పోయి నలుగురు మిగిలిరి. నలుగురికిని చిప్పులు సమానము. అప్పు డొక్కొక్కని స్థానము విలువ, నైపుణ్యమును సమానముగా నెంచినచో, రెండువేల అయిదువందల రూపాయలు. వారిలో ఒకడు మఱియొకనితో సర్వస్వమును ఒడ్డి పోరాడి గెలిచెననుకొనుడు. ఇప్పుడు చిప్పులలో సగము వానివి. కావున ప్రథమస్థానము దక్కుటకు రెండింట ఒక పాలు, ద్వితీయమునకు మూడింట ఒక పాలు, తృతీయమునకు ఆరింట ఒక పాలు అవకాశమున్నది; లెక్క కట్టగా వాని స్థానము విలువ 3,833 రూపాయలు. అనగా రెండువేల అయిదువందలను ఒడ్డి అతడు సంపాదించినది 1,333 మాత్రమే! ఈ బేరము గిట్టవలెనన్నచో నూటికి అఱువదియైదుసార్లకు పైగా గెలువవలయును. అతడు ముందే పందెమున వేసియున్న చిల్లరచిప్పులను లెక్కలోనికి తీసికొన్నచో ఆ అంకె కొంచెము దిగును గాని, సగమునకు చేరువలోనికి మాత్రము రాదు.

మఱి ఆ మిగిలిన విలువ ఎచ్చటికి పోయినది? ఇదియే ఈ లెక్కలో నాకు అన్నిటికంటె నచ్చిన భాగము. ఒకడు పోగా మువ్వురు మిగిలిరి. పోరాటమున వ్రేలైన పెట్టక ప్రక్కన కూర్చుండి తేనీరు త్రాగుచున్న ఆ యిద్దరి స్థానములు 2,500 నుండి 3,083కు పెరిగినవి. సమబలులైన ఇద్దరు తలపడినపుడు ఆ యిద్దరును కలిసి సగటున 1,167 రూపాయలు నష్టపడుదురు. ఆ మొత్తము రూకతో సహా చూచుచున్నవారి సంచిలో పడును. పిట్టపోరు పిల్లి తీర్చినట్లు అని మనవారన్నది ఇట్టి సందర్భమునకే సరిపోవును. బుడగ దగ్గఱ ఇద్దరు మహావీరులు సర్వస్వమును ఒడ్డి కలియబడునపుడు, హాలులోని తక్కినవారందఱును లేచి చప్పట్లు కొట్టుట కేవలము క్రీడాభిమానము చేతనే యని ఎవరును భ్రమపడనక్కఱలేదు.

ఇప్పుడు రాణులకడకు మరలి వత్తము. ఎదుటివాడు ముక్కలను చూడకయే, ఏవైన సరే యని త్రోసినవా డగుచో, రాణుల జంట నూటికి ఎనుబదిసార్లు గెలుచును, సంశయింపక ఒప్పుకొనవలసినదే. కాని అతడు గంటసేపటినుండి నోరు మెదపక కూర్చుండినవాడు, పదులజంటకు తక్కువైన జంటతోను, ఆసు–రాజు కాని విడిముక్కలతోను ఎన్నడును కదలనివాడు అయినచో లెక్క తలక్రిందులగును. అట్టివాని చేతిలో ఉండగల జంటలన్నింటిని, ఆసు–రాజు కూడికలను వరుసగా పేర్చి సగటు తీసినచో, రాణుల గెలుపు నూటికి సుమారు ఏబదిరెండు. కావలసినది అఱువదియైదు. అంతయేల, అతడు ఆసు–రాజులను వెల్లకిల వేసి చూపి, ఇవియే నా ముక్కలు, వచ్చెదవా అని పిలిచినను, రాణులకు గెలుపు నూటికి ఏబదియేడు మాత్రమే కావున, పై నలుగురి పోటీలో మర్యాదగా మడచివేయుటయే వివేకము. రాజులజంట చేతనున్నచో అదే మనుష్యునిపై గెలుపు నూటికి అఱువదియాఱుకు చేరువ. త్రాసుముల్లు సరిగా నడుమ నిలిచినట్లు. ఆసులజంటకు ఎనుబదిమూడు. ఆడవలసినది ఆసులతో, ఆడినను మానినను ఒక్కటియే యైనది రాజులతో, మానవలసినది రాణులతో. ఆడు ముక్క మొదలు మగ ముక్క వరకు ఒక్క మెట్టే యున్నను, బుడగ దగ్గఱ ఆ మెట్టు గోడయంత ఎత్తుండును.

ఈ గణితము ఎక్కడనుండి వచ్చినదో చెప్పినచో పురాణజ్ఞులు ముచ్చటపడుదురు. డేవిడ్ హార్విల్ అను సంఖ్యాశాస్త్రజ్ఞుడు 1973లో పందెపుగుఱ్ఱములను గూర్చి వ్యాసము వ్రాయుచు, ఒక్కొక్క గుఱ్ఱము మొదట వచ్చు అవకాశము తెలిసినచో రెండవ మూడవ స్థానములలో ఏది వచ్చునో కట్టుటకు ఒక సూత్రము కల్పించెను. పోకర్ రచయితయగు మేసన్ మాల్మత్ 1987లో అదే లెక్కను పోటీలకు అన్వయించెను. నేడు ప్రపంచమంతట ఆటగాండ్రు వాడుకొనునది అదియే. అరణ్యపర్వమునందలి నలోపాఖ్యానమున, తాండ్రచెట్టు ఆకులను కాయలను రథము సాగుచుండగనే చూచినంతమాత్రమున లెక్కించి చెప్పిన ఋతుపర్ణుడు, అక్షహృదయమును నలునికిచ్చి మాఱుగా అశ్వహృదయమును గ్రహించెనుగదా. జూదపు లెక్కకును గుఱ్ఱపు శాస్త్రమునకును ఇచ్చిపుచ్చుకొనుట ఆనాటినుండి ఉన్నదే కాబోలు! నలుడు ఆ విద్య నేర్చిన తరువాతనే పుష్కరునితో మరల ఆడి రాజ్యమును గెలిచెను. నేర్వకమునుపు ఆడినది ధైర్యముతోనే, పోయినదియు ధైర్యముతోనే.

అయినను సూత్రమును వేదముగా పట్టుకొని వ్రేలాడువారిని గూర్చి నాకొక ఫిర్యాదున్నది. ఆ సూత్రము నలుగురిని సమాన నిపుణులుగా భావించును; వంతు ఎవనిది, వంతువారీగా తప్పక వేయవలసిన నిర్బంధపు పందెము తరువాత ఎవని మీద పడబోవుచున్నది అన్నది చూడదు. రెండు చేతులలో తన చిప్పులన్నియు నిర్బంధపు పందెములకే కరగిపోవు స్థితిలోనున్నవాడు, కూర్చుండిన చోటనే చచ్చుచున్నాడు గనుక, వానికి రాణులు దైవదత్తములు. వాడు వానిని మడచుట ఆత్మహత్య. కాని వానికంటె హీనస్థితిలోనున్నవారు మఱి నలుగురు హాలులో నున్నచో అదియును మారును. తన బల్లను మాత్రమే చూచువాడు బుడగ దగ్గఱ సగము గ్రుడ్డివాడు. ఆ సమయమున నిపుణులు లేచి, పంపకములనడుమ ప్రక్కబల్లలచుట్టు తిరిగి, ఎవనికి ఎన్ని చిప్పులున్నవో కన్నులతో ఏరుకొని వచ్చుట చూచినచో, ముక్కల ఆట ముక్కలకు వెలుపల ఎంత జరుగుచున్నదో తెలియును.

నిజమైన సంకటము చిప్పుల లెక్కలో మధ్యముడైనవానిదే. అల్పునికి పోగొట్టుకొనుటకు ఏమియు లేదు. అధికుని ఎవ్వరును ఒక్కదెబ్బతో కూల్చలేరు. మధ్యముడు మాత్రము ఊరక కూర్చుండినచో బహుమానము తథ్యమైనవాడు, అధికునితో తలపడినచో ఆ క్షణముననే లేచిపోగలవాడు. అధికునికి ఈ సంగతి చక్కగా తెలియును. అందుచేత బుడగ దగ్గఱ అతడు ముక్కలను చూచియు చూడకయు ప్రతి చేతను పందెము పెంచుచు, మధ్యముల చిల్లరచిప్పులను పన్నువలె వసూలు చేసికొనును. బుడగ ఎంత ఆలస్యముగా పగిలిన అతనికి అంత లాభము కావున, అల్పుని ఒక దెబ్బతో ముగింపగల సందర్భము వచ్చినను ఒక్కొక్కమాటు విడిచిపెట్టును. ఒకడు ముందుగా త్రోసినపుడు ఒప్పుకొనుటకు, తాను త్రోయుటకు కావలసినదానికంటె మిక్కిలి మంచి ముక్కలు కావలయునని డేవిడ్ స్క్లాన్‌స్కీ వ్రాసిన సూత్రము ఈ ఘట్టమున వేయిరెట్లు నిజమగును. త్రోసినవానికి రెండు గెలుపులు: ఎదుటివాడు వెనుదీసిన ఒకటి, ముక్కలు పడిన మఱొకటి. ఒప్పుకొనినవానికి ముక్కలు పడుట ఒక్కటియే దిక్కు. కావున అవే రాణులతో తాను ముందుగా త్రోయుట సాహసము కాకపోవచ్చును. ఒప్పుకొనుట అవివేకము కావచ్చును.

బహుమానపట్టిక మాట చెప్పియుంటిని. పట్టికలలో ఒక జాతి యున్నది. దానిలో బహుమానములన్నియు సమానములు. పెద్దపోటీకి ప్రవేశము గెలుచుకొనుటకై ఆడు చిన్నపోటీలు ఇట్టివి. నూఱుమంది తలకు వేయి డాలర్లు వేసికొని, పది ప్రవేశపత్రములకై ఆడుచున్నారు, పదునొకండుగురు మిగిలిరి, నీకు చిప్పులు పుష్కలము. నీ చేతికి ఆసులజంట వచ్చినది, నిన్ను ముంపగల కుప్ప గలవాడు సర్వస్వమును త్రోసినాడు. పేకలో దీనిని మించిన చేయి లేదు. అయినను మడచివేయవలయును! ఆసులు ఎంత గొప్పవైనను, ఏవో ముక్కలపై సైతము నూటికి సుమారు పదునైదుసార్లు ఓడును. ఏ ముక్కయు ఆడక ముక్కుమూసికొని కూర్చున్నచో నీ ఆసనము దాదాపు నిశ్చయము. మొదటివాడుగా వచ్చినను పదవవాడుగా వచ్చినను అదే ఆసనమైనపుడు, గెలిచి సంపాదించు చిప్పులు చూచి మురియుటకు తప్ప ఎందుకును కొఱగావు. ఈ మాట మొదటిసారి విన్నపుడు నమ్మువారిని నేను అరుదుగా చూచితిని. ఆసులు మడచినవానిని చూచి బల్లచుట్టునున్నవారు నవ్వుదురు. ఆ నవ్వువారిలో ఒకడే మఱునాడు ప్రవేశపత్రము లేక ఇంటికి పోవును.

ఇంతవరకు చదివి, సరే, ఎల్లప్పుడును మడచివేయుటయే శ్రేయమన్నమాట అని తీర్పు చెప్పుకొనువారుందురు. వారికొఱకే మొదట చెప్పిన మహాస్పర్ధను తిరిగి తలచుచున్నాను. 2023లో బహుమానముల మొత్తము 9 కోట్ల 34 లక్షల డాలర్లకు ఇంచుక తక్కువ. దానిని మిగిలిన 1,508 మందికి పంచి చూచినచో ఒక్కొక్కని సగటుపాలు దాదాపు 62,000 డాలర్లు. గడప దాటినవానికి నిశ్చయముగా దక్కునది 15,000. అనగా సగటుకుప్ప గలవాని స్థానపు విలువలో నాలుగవపాలైన లేదు. తక్కిన ముప్పాతికయు పైన, మిక్కిలి పైని స్థానములలో కుప్పగా పోసియున్నది. ఇట్టి పట్టికలో, 10,000 పెట్టి 15,000 తెచ్చుకొంటినని ఇంట చెప్పుకొనుటకై రాజులను రాణులను వరుసగా మడచుచు పోవువాడు, గడప దాటునప్పటికి చిప్పులు లేక, దాటిన గంటలోనే లేచిపోవును. గడప దాటిన మొదటి గంటలో హాలు ఎంత వేగముగా ఖాళీ యగునో చూచినవారికి ఈ మాట విపులీకరింప నక్కఱలేదు. ముందు చెప్పిన నలుగురి పోటీలో వివేకమైనదే ఇచ్చట పిరికితనమగును. రెండుచోట్లను ముక్కలు అవే, మనుష్యుడు వాడే.

క్రిస్ మనీమేకర్ కథ ఈ సందర్భమున స్మరింపదగినది. టెనెసీ రాష్ట్రమున గణకుడుగా పనిచేయుచుండిన ఈతడు 2003లో ఇంటనుండి కంప్యూటరుపై ఒక చిన్నపోటీ ఆడుచుండెను. మొదటి మువ్వురికి లాస్‌వేగాస్ మహాస్పర్ధకు ఆసనములు. నాలుగవవానికి 8,000 డాలర్ల నగదు. అప్పులున్న సంసారి కావున ఆసనముకంటె నాలుగవస్థానమే మేలని తలంచి, దానికై ఓడిపోవ యత్నించెదనని ఒక మిత్రునితో ననగా, ఆ మిత్రుడు మందలించి ముందుకు త్రోసెనని ఆతడే పలుమాఱు చెప్పుకొనియున్నాడు. ఆసనము దక్కినది, 839 మంది ఆడిన ఆ ఏటి స్పర్ధలో ప్రథముడై 25 లక్షల డాలర్లు పొందెను. దీనిని విధివిలాసముగా చెప్పుట వాడుక. నాకు మాత్రము ఆ నాలుగవస్థానపు కోరిక ఏమాత్రము హాస్యాస్పదముగా తోచదు. 8,000 డాలర్లతో అప్పు తీర్చుకొనదలచిన గృహస్థుని లెక్కయందు హార్విల్ సూత్రములో లేని పదమొకటి యున్నది; ఆ పదమును లెక్కింపక అతనిని పిరికివాడనుట అన్యాయము. ఒక్కని విజయముచేత వాని నిర్ణయము మంచిదని నిరూపించుటయు తర్కము కాదు. 2014లో పదిలక్షల డాలర్ల రుసుము గల పోటీలో కానర్ డ్రినన్ అనువాడు ఆసులజంటతో సర్వస్వమును ఒడ్డగా, ఎదుటివాని చేతనున్నదియు ఆసులజంటయే. బల్లపై ఇద్దరికిని ఉమ్మడిగా పఱచు ముక్కలలో నాలుగు ఆఠీనువి వచ్చి ఎదుటివాడు గెలిచెను. అందువలన ఆసులు ఆడరాదని ఎవరును అనలేదుగదా.

మన రమ్మీ బల్లలచుట్టు పెరిగినవారికి ఈ విచారమంతయు అంత పరాయిది కాదు. నూటొక్క పాయింట్లు చేరినవాడు వెడలిపోవలసిన పూల్ ఆటలో, మొదటనే ముక్కలు విడిచి డ్రాప్ చేసినవానికి ఇరువదియు, నడుమ చేసినవానికి నలుబదియు పడును. అందుచేత ఎనుబది దాటినవానికి డ్రాప్ చేయు స్వాతంత్ర్యమే పోయి, ఎట్టి ముక్కలు వచ్చినను ఆడక తప్పని దుస్థితి సంప్రాప్తించును. డెబ్బదిలో నున్నవాడు ఓ మోస్తరు ముక్కలను చూచి ఆగి ఆలోచించునపుడు, వాని ఆలోచన ముక్కలను గూర్చి కాదు, ప్రక్కవారి లెక్కలను గూర్చి. సికింద్రాబాదునందలి ఒక క్లబ్బు వ్యాజ్యమున, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును కె. సత్యనారాయణకును నడుమ సుప్రీంకోర్టు ఇచ్చి, 1968 నాటి సంపుటములలో ప్రకటితమైన తీర్పులో, జస్టిస్ హిదయతుల్లా రమ్మీని మూడుముక్కలాటనుండి వేఱుచేసి, పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొనుటయు, ఏది ఉంచవలెనో ఏది విడువవలెనో ఎఱుగుటయు నైపుణ్యమే యని చెప్పెను. ఏది విడువవలెనో ఎఱుగుట! బుడగ దగ్గఱ రాణులను విడుచుటకంటె దీనికి నిదర్శనము వేఱు కావలయునా?

అయినను నైపుణ్యమున్నంతమాత్రమున ధనముతో ఆడుట మంచిదని వాదించుటకు నేను పూనుకొనలేదు. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను డబ్బుపై ఆన్‌లైన్ ఆటలను నిషేధించినవి. 2025లో పార్లమెంటు నైపుణ్యమా అదృష్టమా అన్న విచికిత్సనే ప్రక్కకు నెట్టి దేశమంతటికిని అట్టి చట్టమునే చేసినది. ఫోనుపై ఆడి అప్పులపాలైన కుటుంబముల దుర్గతి మన యూళ్ల పేర్లతోనే పత్రికలలో చదివినవారము గనుక ఆ చట్టములను నేను ఆక్షేపింపను. గోవాలో మాండవీనదిపై నిలిచిన పడవలలోనో, సముద్రములకు ఆవలనో ఆడు మనవారికి మాత్రము ఒక్క మాట చెప్పదలచితిని: కూర్చుండకమునుపు బహుమానపట్టికను చదువుడు, చాలమంది బుడగ దగ్గఱకు వచ్చిన తరువాతనే దాని కొఱకు తల త్రిప్పి గోడవైపు చూతురు. అప్పటికి నిర్ణయము చేయునది కన్నులు కావు, అరచేతి చెమట.

నిర్వాహకులతోను నాకొక పేచీ యున్నది. కాలహరణమును అరికట్టుటకై అందఱికిని ఒక్కొక్క చేతినే ఆడించు నియమము మంచిదే గాని, దానిని ఇంక కొలదిమందియే పోవలసియున్నపుడు మాత్రమే అమలుపఱతురు. అంతకుముందు గంటసేపు జరుగు నత్తనడకను ఎవరును అడుగరు. ప్రతి నిర్ణయమునకును గడియారము పెట్టుట కొన్ని పోటీలలో ఉన్నది, అన్నిటను ఉండవలయును. ఇక మహాస్పర్ధలో ఒక ఉదారమైన ఆచారము సాగుచున్నది. బహుమానము తప్పిన కడపటివానికి, జనులు పరిహాసముగా బుడగబాలుడని పిలుచు ఆ యభాగ్యునికి, మఱుసటి సంవత్సరపు ప్రవేశమును ఉచితముగా ఇచ్చి, ఛాయాచిత్రము తీసి, కరతాళములతో పంపుదురు. ఆ ప్రవేశము వెల 10,000 డాలర్లు. అంతకుముందు చేతిలో పోయినవానికి ఏమియు లేదు, ఛాయాచిత్రమైన లేదు. గడపను ఒక్క స్థానము ఇవతలికి జరిపినారు గాని గడప గడపగానే యున్నది. ఆ 10,000 డాలర్లను 1,509, 1,510 స్థానములవారితో కలిపి పంచినచో అంతకంటె న్యాయముగా నుండునని ఎవరైన సూచించిరేమో తెలియదు. సూచించినను, ఒక్కనిని నిలువబెట్టి తీసిన ఛాయాచిత్రమునకున్నంత గిరాకీ మువ్వురి ఛాయాచిత్రమునకు ఉండదని నిర్వాహకులు సమాధానమిత్తురు.